పంపుహౌసు గోడ

ఆమె పోయిందని నాకు చెప్పింది ఆమె మొగుడే. మొన్న శనివారం, బ్రాడీపేటలో మా కాలేజీ గేటు ముందు ఎక్కిన ఆటోలో. కృష్ణ ఒడ్డున జరిగే కాలేజీల పడవ పోటీలకు ఆడపిల్లల్ని తీసుకెళ్ళి, తిరిగి తీసుకొచ్చి హాస్టల్లో దింపి, ఒళ్ళు హూనమై ఎక్కాను. ఆటో కదిలాక అద్దంలో నన్ను చూసి, "నువ్వు అప్పటి పడవల అమ్మాయివి కదూ?" అన్నాడు. మొహం గుర్తు రాలేదు కానీ ఆ మెత్తటి గొంతు గుర్తొచ్చింది.

"మా ఇంటిది పోయిందమ్మా. మొన్న ఎండాకాలం. గుండెపోటు," అన్నాడు.

ఆ తర్వాత ఇంకో మాట అడిగాడు. అది చివర్లో చెబుతాను. ముందు ఆమె సంగతి చెప్పాలి.

ఆమె మా కాలేజీలో అటెండరు. నేను అక్కడ డిగ్రీ చదివిన రోజుల మాట ఇది. ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆమెకప్పుడు నలభై దగ్గర పడుతుంటాయి. పేరు పెట్టి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, అందరికీ అక్క. పొదిలి మెట్ట మనిషి. నెమ్మదిగా మాట్లాడటం పుట్టుకతోనే రాలేదు. వరండా ఈ చివర నిలబడి, "ఏమ్మాయ్, బెల్లు కొట్టి ఎంతసేపైంది, ఇంకా ఈడే తెల్లారిద్దా నీకు?" అని కేకేస్తే, ఆ చివరున్న లెక్చరర్లు కూడా ఉలిక్కిపడి క్లాసులోకి దూరేవాళ్ళు.

ఫోను మోగితే మాత్రం ఆ గొంతు ఎటు పోయేదో! "ఆఁ, కాలేజీలోనేనండీ. ఆఁ, తిన్నానండీ." మూడో రింగు లోపల ఎత్తాలి. అదీ వీడియో. గోడకు వీపు ఆనించి, ఫోను మొహానికెదురుగా పెట్టుకుని, పరీక్షకు నిలబడ్డట్టు నిలబడేది. రోజుకు ఆరేడుసార్లు. ఆయన ఆటో నడిపేవాడు. ఒక బేరం దింపి ఇంకో బేరం దొరికేలోపు ఫోను చేసేవాడు. అరిచేవాడు కాదు, తిట్టేవాడు కాదు. "ఎక్కడున్నావ్? ఓసారి ఫోను పక్కకి తిప్పు," అంతే. తిట్టే మొగుడైతే మేమూ నాలుగు తిట్టుకుని కడుపు మంట తీర్చుకునేవాళ్ళం. ఆ మెత్తదనాన్ని ఏమనాలో మాకు తెలిసేది కాదు. పొద్దున తొమ్మిదికి ఆటోలో తెచ్చి గేటు దగ్గర దింపేవాడు, సాయంత్రం ఐదింటికి వచ్చి ఎక్కించుకుని పోయేవాడు. పద్దెనిమిదేళ్ళు అదే వరస.

ఎందుకక్కా అంత కాపలా అని ఒకసారి అడిగేశాను. నాకు నోరు ఆగదు కదా.

"పెళ్ళైన కొత్తలో ఓసారి చెప్పాపెట్టకుండా పొదిలి బస్సెక్కి మా అమ్మ కాడికి పోయా. మూణ్ణాళ్ళుండి నేనే తిరిగొచ్చా. వచ్చాగా! అయినా ఆ మూణ్ణాళ్ళు ఆయనకింకా అయిపోలా," అంది నవ్వుతూ. నవ్వుతూనే బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇక మా పడవ గొడవ. గుంటూరు ఆడపిల్లల చేత పడవలు నడిపించాలన్న ఆలోచన మాకు ఆటలు నేర్పే పీడీ సారుకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. ఎండాకాలం ట్యాంకరులో తప్ప నీళ్ళు చూడని ఊరు మాది. అయినా ఆయన పట్టు విడవలేదు. వారమంతా పాత స్టోరు గదిలో ఒక మిషను మీద లాగించేవాడు, ఆదివారం బ్యారేజీకి ఎగువన కృష్ణలో దింపేవాడు. పడవలో నలుగురం తెడ్లు వేస్తాం. దారి చూసి చెప్పే పిల్ల ఒకతి మాకు ఎదురుగా కూర్చుంటుంది. తెడ్డు వేసేవాళ్ళ వీపు పడవ పోయే వైపు ఉంటుంది. ఎటు పోతున్నామో మాకు కనపడదు, దాటి వచ్చిందే కనపడుతుంది.

మొదటి పోటీలకే చిక్కొచ్చి పడింది. ఆడ స్టాఫు ఒకరు వెంట లేకుండా ఆడపిల్లలు ఊరు దాటడానికి వీల్లేదని ప్రిన్సిపాలు గారు తేల్చేశారు. లేడీ లెక్చరర్లలో ఒకరికి ఎండ పడదు, ఒకరికి అత్తగారికి బాగాలేదు, ఒకరికి అసలు నీళ్ళ వాసనే పడదట. పీడీ సారు తల పట్టుకుని స్టాఫు రూము బయట కూర్చున్నాడు. అక్కడే తుడుస్తున్న అక్క గుడ్డ పిండి బకెట్టులో వేసి, "నేను పోతా సార్," అంది.

మొగుడికి ఏం చెబుతుంది?

ఏమీ చెప్పలేదు. ఆయన తొమ్మిదికి గేటు దగ్గర దింపి పోయాడు. తొమ్మిదింబావుకు ఆమె మా వ్యానెక్కింది.

నది ఒడ్డున దిగగానే ఆమె పోటీల వైపు కన్నెత్తి చూడలేదు. కళ్ళు చిట్లించి గోడల కోసం వెతికింది. షామియానాకు వంద అడుగుల అవతల పాత పంపుహౌసు ఉంది. దాని పక్క గోడకు పసుపు సున్నం. మా కాలేజీ గోడలదీ అదే పసుపు. ఆమె మొహం వెలిగిపోయింది. "సర్కారోళ్ళకి ఒకటే డబ్బా దొరికినట్టుంది," అంటూ వెళ్ళి ఆ గోడకు వీపు ఆనించి కూర్చుంది. మా ఫోన్లు, చెప్పులు, గొలుసులు, జడ క్లిప్పులు అన్నీ ఆమె ఒళ్ళోనే. గోడకూ నీళ్ళకూ మధ్య నాలుగు అడుగులు కూడా ఉండవు.

కాసేపటికి ఫోను మోగింది. ఆమె వేలు పెదవుల మీద పెట్టుకోగానే మేమంతా బిగుసుకుపోయాం. "ఆఁ, కాలేజీలోనేనండీ. మైకా? పక్క మైదానంలో ఆటలండీ." ఫోను పక్కకు తిప్పమన్నాడు కాబోలు, గోడ వెంబడే ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పింది. ఒక్క జానెడు ఇటు తిరిగితే కృష్ణ అంతా అందులో పడుతుంది. ఫోను పెట్టేశాక ఆమె కొంగుతో దాని అద్దం తుడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"తెలిస్తే ఏం చేస్తాడక్కా?" అంది మా దారి చూసే పిల్ల.

"ఏం చేస్తాడు, రేపట్నుంచి రావొద్దంటాడు. ఉజ్జోగం పోయిద్ది. ఇంట్లో కూసుంటా," అంది. కొట్టడం, తిట్టడం గురించి ఒక్క మాట లేదు. ఆమె భయమల్లా ఆ ఒక్కటే, ఇంట్లో కూర్చోవడం.

మరి రావడం దేనికని అడిగాను. ఆమె కాళ్ళు చాపుకుని నీళ్ళ వైపు చూసింది. "ఇల్లు, కాలేజీ. కాలేజీ, ఇల్లు. ఈడ కూసుంటే ఎవరో నన్ను మర్చిపోయి పోయినట్టుంటది. బాగుంటదమ్మాయ్."

ఆ గోడ దగ్గర కూర్చుంటే పోటీ మొదలూ కనపడదు, చివరా కనపడదు. ఎడమవైపు నీళ్ళలోకి పొడుచుకొచ్చిన పంపుహౌసు మూల అడ్డం, కుడివైపు షామియానా అడ్డం. నడుమ వంద అడుగుల నీళ్ళు కనపడతాయి, అంతే. పడవలు వస్తాయి, పోతాయి. ఎవరు గెలిచిందీ మైకులో వినాల్సిందే. అయినా ప్రతి పోటీ అయ్యాక మేం మొహాలు వేలాడేసుకుని వస్తే, "నేను చూసినంత మటుకు మీరే ముందు," అనేది. ఒకసారి ఆఖరి స్థానం వచ్చినప్పుడూ అదే మాట. ఒళ్ళు మండి, "నువ్వు చూసేది నడిమధ్య ముక్క అక్కా," అన్నాను. "ఆ ముక్కలో మీరే ముందమ్మాయ్, నా కళ్ళతో చూశా. చివర సంగతి నాకెందుకు?" అంది.

రా అక్కా, నువ్వూ చివర చూద్దువు, ఆ షామియానా దాకా వంద అడుగులేగా అని చెయ్యి పట్టి లాగితే లేచేది కాదు. "ఫోనొస్తే? ఆ మూల నుంచి ఈడికి ఉరికొచ్చేసరికి నాలుగో రింగు."

తెడ్డు వేస్తూ గోడ దాటాక ఆమె మాకు కనపడేది. చెప్పుల కుప్ప పక్కన కుదురుగా కూర్చుని, చెయ్యెత్తి ఊపకుండా, తల మాత్రం మా వెంట తిప్పుతూ. షామియానా అడ్డం వచ్చేదాకా ఆమెనే చూస్తూ లాగేదాన్ని. చేతులు పడిపోతున్నప్పుడు అది ఆసరా.

ఆఖరి స్థానం అన్నాను కదా, ఆ ఘనత కూడా ఆమెదే. తెడ్లు లాగి లాగి మా అరచేతులు బొబ్బలెక్కాయి. అది చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది. వాళ్ళ మెట్టలో మిరపకాయలు కోసే ఆడవాళ్ళు చేతులకు ఆముదం రాసుకుని చేలోకి దిగుతారట, మంట అంటకుండా. చిన్న సీసా కొంగున ముడేసుకు తెచ్చి, పోటీకి పది నిమిషాల ముందు మా నలుగురి చేతులకూ మణికట్టు దాకా పట్టించింది. హాయిగా ఉంది కదాని మేమూ ఊరుకున్నాం. ఓర్నాయనో! నాలుగో తెడ్డుకే చేతులు జర్రున జారిపోయాయి. నా తెడ్డు వెనకపిల్ల తెడ్డుకు తగులుకుని పడవ గిర్రున తిరిగింది. పీడీ సారు ఒడ్డున నెత్తి కొట్టుకున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మేం ఏడవాలో నవ్వాలో తెలియక ఒడ్డెక్కితే, ఆమె సీసా వెనక దాచుకుని నిలబడింది. ఆ తర్వాత ఆముదం రాస్తే పోటీ అయ్యాకే.

బయల్దేరే ముందు వీపు తిప్పి, "దులపండే" అనేది. కాలేజీ గోడకు ఆయిల్ పెయింటు, చీరకు అంటదు. ఈ గోడది సున్నం, అరచెయ్యంత మరక అంటుకునేది. అందరం కలిసి చరిచి చరిచి దులిపేవాళ్ళం. జాకెట్టు కుట్ల దగ్గర ఎంతోకొంత మిగిలేది. నాలుగున్నరకల్లా వ్యాను కాలేజీ చేరేది, ఐదింటికి ఆటో వచ్చేది.

రెండేళ్ళు అలా నడిచింది. మూడో ఏడు మొదట్లోనే మేం గెలిచాం. నా జీవితంలో నేను గెలిచింది అదొక్కటే, కాబట్టి కాస్త గొప్పలు పోయినా ఏమనుకోకండి. మైకులో మా కాలేజీ పేరు వినగానే నీళ్ళల్లోంచే అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చి ఆమెను గోడ దగ్గర్నుంచి ఎత్తుకుపోయినంత పని చేశాం. "ఒసేయ్, ఫోనే, ఫోను!" అంటూనే వచ్చింది. మోకాలి దాకా నీళ్ళలో, చీర తడిసి, రెండు చేతులా మా చెప్పులు పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్న ఆమెను నేనే ఫొటో తీశాను. వెనకాల కృష్ణ మొత్తం ఉంది. ఆ ఐదు నిమిషాల్లో ఫోను రాలేదు.

మా ఊళ్ళో ఏ చిన్న సంతోషం కలిగినా ఫ్లెక్సీ పడాలి. అన్నప్రాసనకు ఫ్లెక్సీ, సర్పంచి పుట్టినరోజుకు ఫ్లెక్సీ, ఎంసెట్‌లో ర్యాంకుకు వీధి పొడుగునా ఫ్లెక్సీ. మరి మాకు? పీడీ సారు సరేనన్నాడు. ఫొటోలు ఇచ్చే పని నేను నెత్తినేసుకున్నాను. మేం ఐదుగురం, సారు, ప్రిన్సిపాలు గారు. అటెండరు ఫొటో దేనికని షాపతను అంటే నాకు ఒళ్ళు మండింది. దగ్గరుండి మరీ, కుడివైపు ఇంత గుండ్రటి చక్రంలో ఆమె ఫొటో పెట్టించి, కింద 'మా వెన్నంటి నిలిచిన అక్కకు వందనాలు' అని రాయించాను. ఆమెకు చెప్పకుండా చూపించి ఆశ్చర్యపరచాలని.

రెండేళ్ళు గోడ వెంబడి ఫోను తిప్పడం చూసినదాన్ని. అంత తెలివి ఎక్కడ ఏడ్చిందో ఆ రోజు! పోటీ గెలిచేశాం కాబట్టి అబద్ధం కూడా అయిపోయిందనుకున్నాను కాబోలు.

ఆ మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు షాపువాళ్ళు వచ్చి గేటు మీద కట్టి పోయారు. అక్క పని ముగించుకుని సంచీతో వచ్చింది. మేం చప్పట్లు కొట్టాం. ఆమె తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"నా మొహం అంతుంటదా!" అంది. నవ్వింది కూడా. ఆ తర్వాత గేటు బయట రోడ్డు వైపు చూసింది. అప్పుడు తట్టింది నాకు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉరుకులు పరుగులు. వాచ్‌మన్‌ను నిచ్చెన అడిగితే ప్రిన్సిపాలు గారి మాట లేకుండా తీయనంటాడు. లాగి చూస్తే ఇనుప తీగలతో బిగించారు. ల్యాబులోంచి బ్లేడు తెచ్చి, గేటెక్కి, చక్రం ఉన్న మూల కోయడం మొదలుపెట్టాను. సగం కూడా తెగలేదు, ఆటో వచ్చి ఆగింది.

ఆయన దిగాడు. తలెత్తి చూశాడు. చదివాడు. అరిస్తే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. ఎదురుగా స్టాండులో ఉన్న ఆటోవాళ్ళలో ఒకడు, "ఏం బావా, అక్కయ్య పడవలెక్కుతోందే! మాకు చెప్పనే లేదు," అని కేకేశాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఆయన మెడ అప్పుడు వంగింది. గేటు మీద బ్లేడుతో ఉన్న నన్ను చూసి, "మంచిగా తీశావమ్మా ఫొటో," అన్నాడు మెత్తగా. ఆమె వైపు తిరిగి, "ఎక్కు," అన్నాడు. ఆమె ఎక్కింది. కొంగు టైరులో పడకుండా లోపలికి లాక్కుంది. మళ్ళీ కాలేజీకి రాలేదు.

క్షమించమని అడగాలని ఆరునెలల తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. రైలుకట్ట పక్క సందులో ఒక గది, ముందు చిన్న వసారా. ఆయన గుమ్మం ముందు ఆటో తుడుచుకుంటున్నాడు. ఆమె మిరపకాయల బస్తా విప్పుకుని తొడిమలు తీస్తోంది. నన్ను చూడగానే కళ్ళు మెరిశాయి. గొంతు మాత్రం ఫోనులో గొంతే. "రామ్మా. కూసో," అంది.

"టీ ఇవ్వు అమ్మాయికి," అన్నాడాయన అక్కణ్ణుంచే. గుడ్డ కదులుతోంది కానీ చెవులు మా మీదే ఉన్నాయి. నేనూ కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను. ఘాటుకు కళ్ళు మండాయి. ఏడవడానికి అదో సాకు.

"పరీక్షలు ఎట్టా రాశారమ్మా ఈసారి?" అంది తల ఎత్తకుండా. పరీక్షలు ఇంకా జరగలేదని ఆమెకు తెలుసు. జరిగినవి ఆ ఏటి రెండో విడత పోటీలు.

"చివర్లో పోయిందక్కా," అన్నాను.

"మధ్యలో?"

"మధ్యలో మనమే ముందు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో తెలియనివ్వలేదు. వచ్చేటప్పుడు నా చేతులు భగభగ మండుతుంటే లోపలికెళ్ళి ఆముదం సీసా తెచ్చింది. ఆయన చూస్తుండగానే, ఒక్క మాటా లేకుండా, రెండు అరచేతులకూ మణికట్టు దాకా రాసింది. క్షమించమన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. మళ్ళీ వెళ్ళలేదు. వెళ్తే ఆమెకు ఇంకేం తెచ్చిపెడతానోనని భయం, అంతకన్నా నా మీద నాకే అసహ్యం.

ఈ ఏడు పోటీలకు ఆడ స్టాఫు కావాలంటే నేనే వెళ్ళాను. పిల్లలు ఫోన్లూ క్లిప్పులూ నా ఒళ్ళో పోసి పడవెక్కారు. పంపుహౌసు గోడ అలాగే ఉంది, పైన ఇంకో పూత సున్నంతో. షామియానాలో నాకు కుర్చీ వేశారు. నాకు ఏ ఫోనూ రాదు, ఎక్కడైనా కూర్చోవచ్చు. అయినా వెళ్ళి ఆ గోడకే ఆనుకుని కూర్చున్నాను. మా పిల్లలు నా ముందు నుంచి దాటిపోయినప్పుడు నిజంగానే ముందున్నారు. మూడో స్థానం వచ్చింది.

ఆ సాయంత్రమే ఆటో. ఆమె పోయిందని చెప్పాక ఆయన అడిగిన మాట ఇది: "ఏటి ఒడ్డున ఏదో గోడ ఉండేదంట కదమ్మా. ఆ గోడ కాడ కూసుంటే బాగుండేదండీ అని పోయేముందు రెండు మూడుసార్లు అంది. ఓసారి చూడాలనుంది. యాడుంది?"

ముసలివాడైపోయాడు. అద్దంలో కళ్ళు తడిగా ఉన్నాయి. జాలి వేసింది, లేదని మీతో అబద్ధమెందుకు ఆడాలి? కానీ ఆ ఒక్క చోటూ ఆయనకు చూపించడానికి నాకు మనసొప్పలేదు. అదొక్కటే ఆమెది.

"ఆ గోడా? ఎప్పుడో పడగొట్టేశారండీ," అన్నాను.

"అట్టాగా," అన్నాడు. మా ఇంటి ముందు ఆటో ఆపాడు.

దిగి నాలుగడుగులు వేశానో లేదో, వెనకనుంచి పిలిచాడు. "అమ్మాయ్, వీపు దులుపుకో. పసుపు సున్నం అంటింది. ఎక్కేటప్పుడే చూశా." ఆటో స్టార్టు చేస్తూ, అదే మెత్తటి గొంతుతో అన్నాడు, "ఆమెకీ ఇట్టానే అంటేది. రెండేళ్ళు చూశా."

ఆటో సందు మలుపు తిరిగింది. నేను అక్కడే నిలబడిపోయాను. అంటే ఆయనకు తెలుసు. తెలిసీ రోజూ ఎక్కడున్నావని అడిగాడు, కాలేజీలోనేనండీ అంటే సరేనన్నాడు, ఐదింటికి వచ్చి ఎక్కించుకుపోయాడు. ఊరంతా చదివేలా గేటుకు కట్టింది నేను.